మలుపు మీద పోసిన నీళ్లు

మాచర్ల దగ్గరి అడవిలో సైకిళ్ల కోసం ఎంతో ఒడుపుగా వేసిన కొండదారి ఉంది. నేను సైకిల్ మీద వస్తుంటే, ఒక మలుపులో దాన్ని వేసిన మస్తాన్ బాబాయ్ పారతో అడ్డం నిలబడ్డాడు. రెండు వానలకు కొట్టుకుపోయిన మలుపును మళ్లీ కట్టాడట. పైన మబ్బు పట్టింది.

మా విజయనగరం లైబ్రరీలో చదివింది గుర్తొచ్చి, “దారి పల్లం వైపు కాస్త వాలి ఉండాలి బాబాయ్,” అన్నాను.

“పొద్దుట్నించీ నే చేసేది ఏంది మరి? నీ సీసా ఇటియ్యి.”

దాహమేమో అనుకుని ఇచ్చాను. నా నీళ్లన్నీ మలుపు మీద పోసి, గొంతుక్కూర్చుని చూశాడు. అవి దారి వెంట పారకుండా, అడ్డంగా దాటి పల్లంలోకి జారిపోయాయి.

“నీ పుస్తకం రాసినోడికి పారపని చానా తెలుసబ్బాయ్,” అంటూ తన మజ్జిగ సీసా నా చేతిలో పెట్టాడు. “ఇంక తొక్కు. నువ్వు పడ్డా నా దారికేం కాదు.”