ఎర్ర కొంగ

మా పక్కింటి అల్లుడుగారు చిన్న విమానాలు నడిపేవారు. అత్తారింటికి వచ్చినప్పుడల్లా అరుగు మీద కూర్చుని, అరచేత్తో ఒక కన్ను మూసుకుని కొబ్బరి గెలలు లెక్కపెట్టేవారు. ఆ తరువాత రెండో కంటితో.

ఆ అలవాటు ఎలా వచ్చిందో కొత్తపేటలో నేను చెప్పని మనిషి లేడు. గోదావరి అవతలి విమానాశ్రయంలో దిగడానికి ఆయన మా చేల మీదుగా వస్తుంటే, ఒక కొంగ ఆయన మీసానికి తగిలేంత దగ్గరగా దూసుకుపోయిందనీ, నేనే గొడుగు ఊపి కాపాడాననీ చెప్పేవాణ్ణి.

గొడుగూ అబద్ధం, కొంగా అబద్ధం. ఆ రోజు నా చేతిలో ఉన్నది బొమ్మ విమానం రిమోట్. రిటైరైన సైన్సు మాస్టారి సరదా. విమానాశ్రయం టవర్ అనుమతి లేకుండా అక్కడ ఏదీ ఎగరకూడదని తెలిసే ఎగరేశాను.

టవర్ వాళ్లకు ఏమీ కనబడలేదు. పైఅధికారులు అల్లుడుగారి కళ్లనే అనుమానించారు.

"మాస్టారూ, ఆ సాయంత్రం మీరు చేలోనే ఉన్నారంట కదండీ. ఎర్ర విమానం చూశానని ఒక్క ముక్క రాసివ్వండి. లేనివి కనబడే పైలట్‌ని ఎగరనివ్వరండీ," అన్నారు అల్లుడుగారు నీరసంగా.

కేసవుతుందని నాకు భయం. "కొంగ అయ్యుంటుందండీ," అన్నాను.

"ఎర్ర కొంగా అండీ?"

"ఆయ్, పొద్దువాటారే ఎండలో ఎర్రగానే ఉంటుందండీ."

"అయితే నా కళ్లదేనండీ తప్పు. నిజం చెప్పేరు, సంతోషం," అని దణ్ణం పెట్టి వెళ్లిపోయారు. మళ్లీ విమానం నడపలేదు.

ఆ తరువాతే గెలలు లెక్కపెట్టడం మొదలైంది. లెక్కపెట్టి, సరిపోయిందా అని నన్నే అడిగేవారు.

ఆయన లెక్క ఒక్కసారీ తప్పలేదు.