నేను నోరు నొక్కిన అలారం

ఒక మాట ఏళ్ల తరబడి నా గొంతులో ఉండిపోయింది. దాంతోనే అన్నం తిన్నాను, రైలెక్కి పనికి వెళ్లాను, నవ్వాను. ఆ మాట వినాల్సిన మనిషి వారానికోసారి నాకు ఫోన్ చేస్తుంది. ఆమెకు చెప్పలేక మీకు చెప్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే కాస్త ధైర్యంగా ఉంది.

నేను కాలేజీకి వెళ్లలేదు. మలయ్ దేశంలో, తెలుక్ ఇంటాన్ అనే ఊరి దగ్గర తోటల ఎస్టేటులో పుట్టాను. బడి అయిపోయాక టౌన్లో లైబ్రరీయే నా కాలేజీ. అర్థం కాని పుస్తకాన్ని తిరిగిచ్చేసి, సిగ్గుపడి మళ్లీ తెచ్చుకుని, అర్థమయ్యేదాకా చదివేదాన్ని. అలా చదివానని గర్వం. ఇప్పటికీ ఉంది, అబద్ధమెందుకు? జరిగినదాంట్లో ఆ గర్వానికీ వంతు ఉంది.

పోర్ట్ క్లాంగ్ రేవులో చల్లని కంటైనర్లు చూసుకునే చిన్న కంపెనీలో చేరాను. చేపలు, రొయ్యలు, పళ్లు. లోపల చలి ఎంతుందో ప్రతి కంటైనర్ నుంచీ అంకెలు వస్తుంటాయి. ఒక కంప్యూటర్ వాటిని అందుకుంటుంది, ఇంకొకటి తప్పుల్ని ఏరేస్తుంది, మరొకటి యార్డు మనుషుల తెర మీదకు పంపుతుంది. ఈ వరుసనే మేం పైప్‌లైన్ అంటాం. మధ్యలో ఎక్కడ ఆగినా తెర మీద పాత అంకెలే నిలిచిపోతాయి. లోపల మంచు కరుగుతున్నా పైకి అంతా బాగున్నట్టే ఉంటుంది.

ఆ వరుస ఆగకుండా కనిపెట్టుకుని ఉండేది ఎస్తేరక్క. ఆమెదీ మా వైపు ఎస్టేటే. యాభై దాటిన మనిషి. గంటగంటకీ ఒక్కో కంప్యూటర్ తెరిచి, కళ్లద్దాలు నుదుటి మీదకు తోసుకుని, తెరకు ముక్కు ఆనించినంత దగ్గరగా చూసేది. చర్చిలో పాటలన్నీ పుస్తకం తెరవకుండా పాడేది. నాకు తెలుగు అక్షరాలు నేర్పింది ఆమే. మా లైబ్రరీలో దొరకని చదువు అది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరుస్తూ, "ఏటే లైబ్రరీ, తిన్నావేటి? పుస్తకాలు నమిల్తే కడుపు నిండదు లా" అనేది. ఆ "లా" ఇక్కడ అందరి మాటల చివరా తగిలేదే.

ఏజెంట్ల గురించి నేను చదివింది ఒక పుస్తకంలోనే. ప్రతి కంప్యూటర్‌లో ఒకటి కూర్చుని, పని సాగుతోందో లేదో చూస్తూ, ఆగితే కాపలాలో ఉన్న మనిషి ఫోన్‌కి అలారం పంపే చిన్న ప్రోగ్రాములు. పెడతానని మేనేజర్‌ని అడిగాను. ఆయన నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. ఎస్తేరక్క పూచీ పడితే ఒప్పుకున్నాడు.

అన్నీ పెట్టాక అక్కతో గొప్పగా చెప్పాను. "ఇంక గంటగంటకీ సూడక్కర్నేదక్కా. ఏటైనా అయితే అదే అరుస్తాది."

"మరి అరవకపోతే?"

"అరవకపోతే అంతా బాగున్నట్టే."

నేనే అన్నాను ఆ మాట.

తప్పులు ఏరే కంప్యూటర్‌లోని ఏజెంట్ ఊరికే అరిచేది. లారీకి ఎక్కించేటప్పుడు కంటైనర్ కరెంటు తీస్తారు, కాసేపు అంకెలు రావు. అంతమాత్రానికే గోల పెట్టేది. ఎంతసేపు ఓపిక పట్టాలో దానికి నేర్పింది నేను, తప్పుగా నేర్పాను. చర్చిలో ప్రార్థన మధ్య కూడా అక్క ఫోన్ మోగిందట. "నీ పిల్లకి ఆకలెక్కువే" అని నవ్వింది.

హెడ్డాఫీసు వాళ్లు చూడడానికి వస్తున్న రోజు పొద్దున, ఆ ఒక్క ఏజెంట్ అలారాన్ని మ్యూట్ చేశాను. అక్కకు కాస్త ప్రశాంతంగా ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. నిజమా? కొంచెం నిజం. మిగతాది, కాలేజీ చదివిన వాళ్ల ముందు నా పని ఉత్తినే అరిచి నన్ను నవ్వులపాలు చేస్తుందన్న భయం. ఆ భయం నాకే కనిపించకుండా దాని మీద అక్క పట్ల నా ప్రేమను తెచ్చి కప్పాను. వాళ్లు మెచ్చుకుని వెళ్లారు. నేను మ్యూట్ తీయడం మరిచిపోయాను.

మరిచిపోయింది నేను.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం ఆ కంప్యూటర్‌లో పని నిజంగానే ఆగిపోయింది. అదే పూట ఒక కంటైనర్ చలి యంత్రం చెడింది. తెర మీద పాత అంకెలు. కాపలా అక్కది. అలారం రాలేదు. తలుపు కింద నుంచి నీళ్లు కారుతుంటే చూసి యార్డువాళ్లు పరుగెత్తుకొచ్చేసరికి లోపలి రొయ్యలన్నీ మెత్తబడిపోయాయి.

నాకు వెంటనే అర్థమైంది. అందరూ యార్డులో ఉండగా నా సీటుకు వెళ్లి మ్యూట్ తీశాను. తీయగానే, అక్క బల్ల మీద వదిలి పరుగెత్తిన ఫోన్‌లో అలారం ఎర్రగా వెలిగింది. అందులో పని ఆగిన సమయం కనిపిస్తుంది. అలారం పంపిన సమయం కనిపించదు. అలా రాసింది నేనే. మేనేజర్ వచ్చి ఆ ఫోన్ చూసి, మధ్యాహ్నమే వచ్చిందే, చూసుకోలేదా అని అడిగాడు. అక్క ఫోన్ వంక చూసింది. తర్వాత నా వంక చూసింది. అనుమానంతో కాదు, సాయం కోసం. నేను కీబోర్డు వంక చూశాను.

ఆ సాయంత్రం ఇద్దరం ఒకే రైల్లో ఇంటికి బయల్దేరాం.

"ఫోన్ బల్ల మీదే ఉంది. నానూ అక్కడే ఉన్నాను. ఎలాగ సూడనేదో" అంది.

"అలిసిపోయినావేమో అక్కా."

మ్యూట్ చేయడం కన్నా ఈ మాటే పెద్ద తప్పని ఇప్పుడు అనిపిస్తుంది.

"కాదే. మా అమ్మకీ ఇలాగే మొదలైనాది. ముందు పొయ్యి మీద గిన్ని మరిసింది. తరవాత నా పేరు మరిసింది."

రైలు ఆగింది. ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు.

"నీ ఏజెంట్లు కంప్యూటర్లని సూస్తన్నాయి గదా. నన్ను నువ్వు సూడు. నానేటైనా మరిస్తే దాసొద్దు, మొకం మీదే సెప్పేయ్. మా పిల్లలు సెప్పరు, నాను ఏడుస్తానని. నువ్వు సెప్తావు."

"సరే అక్కా."

"నువ్వు అరవకపోతే అంతా బాగున్నట్టే, కదా?" నవ్వబోయింది. నవ్వు రాలేదు.

ఆమెను ఎవరూ తీసెయ్యలేదు. తనే అడిగి గేట్‌పాస్ కౌంటర్‌కి మారిపోయింది. ఆ కుర్చీ నాకిచ్చారు. ఆ క్రిస్మస్‌కి నన్ను చర్చికి పిలిచింది. పాట మొదలవగానే పక్కనుంచి చూశాను. చేతిలో పుస్తకం తెరిచి ఉంది. పంక్తి పంక్తికీ వేలు నడుపుతోంది. పెదాలు మాత్రం వేలికన్నా ముందే వెళ్తున్నాయి. ఆ పుస్తకం ఆమెకు అక్కర్లేదు. అది తెరిపించింది నేను.

ఇప్పుడు ఆమె రిటైరై కూతురి దగ్గర ఉంటోంది. ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఫోన్ చేస్తుంది. మా అమ్మ వాడే మందుల గురించి పేరు పేరునా అడుగుతుంది, నేను ఎప్పుడో చెప్పిన పుస్తకం చదవడం పూర్తయిందా అంటుంది. ఒక్కటీ తప్పు పోదు. చివర్లో గొంతు తగ్గించి, "ఏటైనా సూసినావేటి?" అంటుంది.

"నేదక్కా. బాగున్నావు."

అది నిజమే. విని, హమ్మయ్య అనుకుంటుంది. ఒక్క వారానికి. భయం పెట్టింది నేను, వారం వారం దాన్ని కాస్త చల్లారుస్తున్నదీ నేనే. దీన్ని ఆమె నా మంచితనం అనుకుంటోంది.

ఎందుకు చెప్పలేదు? మొదట్లో ఉద్యోగం పోతుందని. ఆ తర్వాత? ఆ ప్రమాదం ఎప్పుడో దాటిపోయింది కదా. ఆమె నన్ను లైబ్రరీ అని పిలవడం మానేస్తుందేమోనని. ఇంతే. ఒక మనిషి తన మనసును తను నమ్మకుండా చేసి, దానికి బదులు నేను దాచుకున్నది ఈ ఒక్క పిలుపు.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. ఇంగ్లీషులో, మలయ్‌లో రాయబోతే ఆఫీసు రిపోర్టులా వచ్చింది, ఎవరూ ఏదీ చెయ్యనట్టు, అన్నీ వాటంతటవే జరిగినట్టు. అక్క నేర్పిన అక్షరాలతో అలా తప్పించుకోవడం నాకు రాలేదు. కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఆ మధ్యాహ్నం అలారం రాలేదు. దాని నోరు నొక్కింది నేను. ఎస్తేరక్క ఏదీ మరిచిపోలేదు.

రాసి, పైకి చదివాను. ఇన్నేళ్లకు అది నా గొంతు దాటి బయటికి వచ్చింది. ఇంత చిన్నదా అనిపించింది.

రేపు ఆదివారం.