పార్కింగులో వేసిన మార్కులు

మనసు ఒకచోట నిలవని ఏడీహెచ్‌డీకి వేసుకునే మాత్రలు పనిచేస్తున్నాయో లేదో, ఇబ్బంది లేని రోజున సున్నా చొప్పున, రోజూ రాత్రి మార్కులు వేసుకోమని ఒక కాగితం ఇచ్చాడు డాక్టరు. ఆ రోగం ఉన్న మనిషికి అది గుర్తుండొద్దూ! అందుకే రాండా నెలకోసారి క్లినిక్ పార్కింగులో, ట్రక్కులోనే కూర్చుని, పెదవి కొరుక్కుంటూ, పెన్నుల రంగులు మార్చి మార్చి నెల గడులన్నీ నింపేస్తుంది.

"కోపానికి సున్నాలేంటి? నిన్న సాయంత్రం మాత్ర పనితనం తగ్గిపోగానే నా మీదికి కప్పు విసిరావుగా," అన్నాడు భర్త వేడ్.

"నిజం రాస్తే మందు ఆపేస్తారు. అప్పుడు నా ఉద్యోగం నువ్వు చేస్తావా?"

తలుపు ధడాలున వేసి లోపలికి వెళ్ళిపోయింది. కాగితం సీటు మీదే ఉండిపోయింది. మతిమరుపు వరసలోనూ అన్నీ సున్నాలే. వేడ్ దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. పెన్నులు కూడా అక్కడే ఉన్నాయి.