మా హెప్సీ మీద నేను చేసిన ప్రార్థనలు

చాలా ఏళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. దింపుకోవడానికి చోటు దొరకలేదు. మా విశ్వాసులకు బరువు దింపుకునే చోటు ప్రార్థన. నా బరువు పుట్టిందే ప్రార్థనలో. మరి ఎక్కడికి పోను? అందుకే మీకు చెబుతున్నాను. నేనెవరో మీకు తెలియదు. అదే నయం.

మాది బిలాస్‌పూర్ రైల్వే కాలనీ. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి రైలు పనికి వచ్చిన కుటుంబం. మా నాన్న షెడ్డులో ఫిట్టరు, ఆదివారం చర్చిలో పెద్ద. పిల్లల్ని దండించమనే వాక్యం ఆయనకు కంఠతా వచ్చు. బెల్టు తీసే ముందు అది చెప్పి మరీ కొట్టేవాడు. నాకు పిల్లలు పుడితే ఒంటి మీద చెయ్యి వెయ్యనని అప్పుడే తీర్మానించుకున్నాను. మాట నిలబెట్టుకున్నాను కూడా. మా అమ్మాయి హెప్సీని ఒక్కనాడూ కొట్టలేదు. కేకలేసింది కూడా తక్కువే.

మరేం చేశాను? ప్రార్థన చేశాను.

మా ఇంట్లో రోజూ సాయంత్రం కుటుంబ ప్రార్థన ఉండేది. హెప్సీ పగలు ఏ తప్పు చేసినా నేను ఆ క్షణాన ఏమీ అనేదాన్ని కాదు. సాయంత్రం దాకా ఆగేదాన్ని. అందరం కళ్ళు మూసుకున్నాక, "ప్రభువా, నీ బిడ్డ ఇవాళ టీచరమ్మతో అబద్ధమాడింది తండ్రీ, దాని మనసు మార్చు" అని గట్టిగా, వణికే గొంతుతో మొదలుపెట్టేదాన్ని. మా ఆయన "ఆమెన్" అనేవారు. దాన్ని తిడితే ఎదురు చెప్పగలదు, కొడితే ఏడవగలదు. ప్రార్థన మధ్యలో ఏం చేయగలదు? దేవుడికి నా మాటే వినిపించేది. దాని మాట ఎవరూ అడగలేదు. ఇది నాకు అప్పుడు తెలుసా, తెలియదా? ఎంత ఆలోచించినా తేల్చుకోలేకపోతున్నాను. తెలియదనుకుంటే మనసుకు తేలిక. కానీ ఆ గొంతు అంత వణికించడం నాకు చేతనయిందంటే, ఎంతో కొంత తెలిసే ఉండాలి కదా?

ఇంతవరకైతే అజ్ఞానం అని సరిపెట్టుకుందును. అసలు సంగతి వేరే ఉంది.

హెప్సీ ఐదో తరగతికి వచ్చినా రాత్రిళ్ళు పక్క తడిపేది. ఆ సంగతి నాకూ దానికీ తప్ప మూడో మనిషికి తెలియదు. వాళ్ళ నాన్నకు కూడా చెప్పనని దానికి మాటిచ్చాను. ఒకనాడు సంఘం వాళ్ళని పిలిచి మా క్వార్టర్లో ప్రార్థనకు గృహ కూడిక పెట్టాం. అందరికీ ఉప్మా వడ్డిస్తూ మంచినీళ్ళు తెమ్మంటే హెప్సీ నలుగురి ముందూ నాకు ఎదురు చెప్పింది. "నువ్వే తెచ్చుకో, నేనేమీ నీ నౌకరాణీని కాదు" అంది. ఆడవాళ్ళు నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. నవ్వేసి ఊరుకున్నాను. తర్వాత నా ప్రార్థన వంతు వచ్చింది.

చెప్పేశాను. "మా పాప ఇంకా పక్క తడుపుతోంది ప్రభువా, ఈ బలహీనత నుంచి విడిపించు" అని. చుట్టూ అందరూ "స్తోత్రం, స్తోత్రం" అన్నారు. వాళ్ళలో దాని క్లాసులో చదివే పిల్లలు ముగ్గురో నలుగురో ఉన్నారు. ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి హెప్సీ నన్నే చూస్తోంది. అది ప్రార్థనంతా కళ్ళు మూసుకోనే లేదు. పాస్టరు గారు మాత్రం బిడ్డ కోసం నాకున్న భారం చూసి మెచ్చుకున్నారు.

నిజం చెప్పొద్దూ? ఆ రోజు నేను ప్రార్థించలేదు. కక్ష తీర్చుకున్నాను. పసిపిల్ల మీద, దేవుణ్ణి అడ్డం పెట్టుకుని.

ఆ తర్వాత అది నాతో బాగానే ఉండేది. అన్నం తినేది, చర్చికి వచ్చేది, అడిగిందానికి జవాబు చెప్పేది. అడగనిది చెప్పడం మాత్రం మానేసింది. మంచి పిల్ల అయిందని మురిసిపోయాను నేను. ఏం బుద్ధి నాది!

మా ఊరి పక్కనే తిఫ్రాలో ఒక మాస్టారు దగ్గర దానికి ట్యూషన్ పెట్టించాం. ఆయన స్కేలు అంచుతో వేళ్ళ కణుపుల మీద కొట్టేవాడట. నెలల తరబడి కొట్టాడు. ఒకరోజు అది రొట్టె తుంచలేక ఎడమ చేయి పెడుతుంటే, కుడి చేయి పట్టుకుని చూశాను. వేళ్ళు లావుగా వాచి ఉన్నాయి.

"ఏటే ఇది? ఇన్నాళ్ళూ నాకెందుకు సెప్పలేదు?" అన్నాను.

చేయి వెనక్కి లాక్కుంది. "నీకు సెప్తే నువ్వు మళ్ళీ ప్రేయర్లో సెప్పేస్తావు కదమ్మా. సబ్‌కే సామ్నే, అందరి ముందూ" అంది. కోపంగా కాదు, మామూలుగా అంది.

మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి, పిల్ల ఎందుకు చెప్పలేదని అడిగితే, "మాస్టారంటే భయపడిందట" అన్నాను. ఆయన వెళ్ళి ఆ మనిషిని కడిగేసి ట్యూషన్ మాన్పించారు. ఆదివారం చర్చిలో నేను లేచి సాక్ష్యం చెప్పాను. నా బిడ్డ బాధ ప్రభువే నాకు చూపించాడన్నాను. పిల్లల మీద చెయ్యెత్తని తల్లి అని నాకు పేరొచ్చింది. ఆ పేరు ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు మా చర్చిలో పిల్లల హక్కుల మీద, ప్రేమతో పెంచడం మీద సభ పెడుతున్నారు. ప్రభువు పిల్లల్ని ఎత్తుకున్నాడే గానీ ఎవరినీ కొట్టలేదు కదా అంటున్నారు. వింటే సంతోషమే. మా నాన్న రోజుల్లో ఎవరైనా ఇలా అని ఉంటే ఎంత బాగుండేది! ఆ సభలో యువ తల్లులకు నేను మాట్లాడాలని పాస్టరమ్మ అడిగింది. ఏం మాట్లాడను? వాళ్ళిచ్చిన కాగితంలో, చేయకూడని వాటిలో కొట్టడం ఉంది, తిట్టడం ఉంది, అన్నం పెట్టకపోవడం ఉంది. ప్రార్థన లేదు. నేను చేసింది తప్పేనా? తప్పయితే, బిడ్డ కోసం తల్లి దేవుణ్ణి ఎలా అడగాలి? నోరు మూసుకునా? నాకు అర్థం కావడం లేదు.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. ఆపితే మళ్ళీ అబద్ధమే అవుతుంది.

హెప్సీకి పెళ్ళయింది, రాయ్‌పూర్‌లో ఉంటోంది. ఈమధ్య దానికి కడుపు పోయింది. కడుపుతో ఉన్న సంగతే నాకు తెలియదు. అల్లుడు ఫోన్లో నోరు జారాడు. వాళ్ళత్తగారికి ముందే తెలుసట. నేను ఫోన్ చేస్తే అది, "ఇప్పుడు ఠీక్‌గానే ఉన్నానమ్మా. చర్చిలో మాత్రం ఎవరికీ సెప్పకు" అంది. సరే అన్నాను. ఫోన్ పెట్టేసి ఏడ్చాను. ఏడుస్తూనే మా చర్చి స్త్రీల ఫోన్ గ్రూపులో, "నా కూతురికి గర్భస్రావమైంది, ప్రార్థించండి" అని పెట్టాను. దాని పేరుతో సహా.

వెంటనే తీసేశాను. అప్పటికే ఇద్దరు చేతులు జోడించిన బొమ్మలు పెట్టేశారు. ఇంకెవరు చూశారో తెలియదు. ఈసారి నాకు కక్ష లేదు, దుఃఖమే. అయినా చేయి అదే పని చేసింది. దుఃఖంతో చేస్తే వేరా? హెప్సీకి వేరని అనిపిస్తుందా?

హెప్సీకి ఇంకా తెలియదు. ఈ ఆదివారం అది మా ఇంటికి వస్తోంది, చర్చికీ వస్తుంది. నేను చెప్పకముందే ఎవరో ఒకరు దాని చేయి పట్టుకుని ఓదార్చవచ్చు. ముందుగా నేనే చెబుతానో లేదో నాకే నమ్మకం లేదు. చెబితే క్షమిస్తుందని కూడా అనుకోవడం లేదు. ఇన్నేళ్ళూ కళ్ళు మూసుకుని దాని సంగతులే చెప్పాను. ఇప్పుడు మీకు చెప్పిన ఇది మాత్రం నాది. కళ్ళు తెరుచుకునే చెప్పాను.