హైనాన్ అని పెన్సిల్‌తో రాయించిన మాస్టారు

మా ఇంగ్లీషు మాస్టారు పోయారు. ఆ రోజు పొద్దున కంకిపాడు క్లినిక్‌లో పేషెంట్లను చూస్తుంటే మాస్టారి భార్య ఫోన్ చేశారు. నేను ఆవిణ్ణి పిన్నిగారూ అని పిలుస్తాను. "మీ మాస్టారు వెళ్లిపోయారమ్మా" అన్నారు. ఎదురుగా ఒక పెద్దాయన చేతికి బీపీ పట్టీ చుట్టి ఉంది. ఆయన్ని చూసి, మందులు రాసి పంపాకే తలుపు వేసుకుని ఏడ్చాను.

బెజవాడ పటమటలో మేడమీద గదిలో ఉండేది ఆయన ట్యూషను. పైచదువులకు బయటిదేశాలు వెళ్లే పిల్లలం అప్లికేషన్లు పట్టుకుని వెళ్లేవాళ్లం. ఆయన ఎవరి ఫారమూ తన చేత్తో నింపి ఎరగరు. మేమే ముందు పెన్సిల్‌తో నింపాలి. తర్వాత గుమ్మం దగ్గర నిలబడి, ముక్కూమొహం తెలియని మనిషికి చెప్పుకున్నట్టు మూడు ముక్కలు ఇంగ్లీషులో చెప్పాలి: నేనెవరు, ఎక్కడిదాన్ని, ఎక్కడికి వెళ్తున్నాను. అవి తడబడకుండా వచ్చిన రోజునే పెన్ను చేతికిచ్చేవారు. ఒకబ్బాయికి పదకొండు రోజులు పట్టింది. నాకు నాలుగు, అదీ ఒక్క పేరు దగ్గరే.

మెడిసిన్ ఎక్కడ అన్న చోట నేను చైనా అని రాసి ఊరుకున్నాను.

"అంత దేశంలో ఎక్కడమ్మా?"

"ఏదో హైనాన్ అంటండీ."

"ఏదో ఏంటి! అయిదారేళ్లు నీకు అన్నం పెట్టబోయే చోటు!" అంటూ అట్లాసు తెరిచి, దక్షిణాన సముద్రంలో ఉన్న ఆ దీవి మీద నా వేలు పెట్టించారు. "ఐ విల్ స్టడీ మెడిసిన్ ఇన్ హైనాన్, యాన్ ఐలాండ్ ప్రావిన్స్ ఇన్ ద సౌత్ ఆఫ్ చైనా." నాలుగు రోజులూ ఇదే పాట. లోపల్లోపల బాగా తిట్టుకున్నాను.

అక్కడ దిగాక మొదటి ఫోన్ ఆయనకే చేశాను. "మాస్టారూ, ఇక్కడా కొబ్బరిచెట్లేనండీ! ఉక్కపోత కూడా మనదే!" అంటే పడీపడీ నవ్వారు.

కరోనా వచ్చినప్పుడు నేను సెలవులకని వచ్చి భవానీపురంలో మా ఇంట్లో ఇరుక్కుపోయాను. ఫోన్లోనే పాఠాలు. నేను లిఫ్ట్ ఎక్కితే పక్క ఫ్లాటువాళ్లు దిగిపోయేవారు. "ఎవరన్నా అడిగితే బయట చదువుతున్నానని చెప్పవే, చాలు" అంది అమ్మ. అలా అలవాటైపోయింది. చదువు పూర్తయింది, ఇక్కడి పరీక్ష పాసయ్యాను, హౌస్ సర్జన్సీ చేశాను. మొదటి ఉద్యోగానికి పెట్టిన కాగితంలోనూ చదివింది "అబ్రాడ్" అనే రాశాను.

"అబ్రాడ్ అంటే ఎక్కడమ్మా?" అని అడిగారు అక్కడి పెద్ద డాక్టరుగారు. "బయటిదేశమండీ" అన్నాను. "చదివిన చోటు చెప్పడానికే దాపరికమైతే, రేపు పేషెంటుకి ఉన్నది ఉన్నట్టు ఏం చెప్తావు?" అన్నారు. ఉద్యోగం రాలేదు.

ఓదారుస్తారని మాస్టారి దగ్గరికి వెళితే చివాట్లు పెట్టారు. నాకూ ఒళ్లు మండింది. "మీకేం తెలుసండీ, లిఫ్టులో మనల్ని చూసి దిగిపోతే ఎలా ఉంటదో!" అన్నాను. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

"మాది మచిలీపట్నం దగ్గర చిన్న పల్లె. నాన్న మగ్గం నేసేవాడు. బెజవాడ కాలేజీలో అడిగినోళ్లందరికీ మాది మచిలీపట్నమనే చెప్పేవాణ్ణి. ఓరోజు నాన్న చీరల మూట భుజానేసుకుని హాస్టలుకొచ్చాడు. ఎవర్రా అని స్నేహితులు అడిగితే, ఎవరో మా వైపు మనిషి అన్నా. నాన్న విన్నాడు. అన్నం తిని వెళ్లు నాన్నా అనడానికి కూడా నోరు రాలా." కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఊరిపేరు మింగితే ఊరితో పోదమ్మా. మనుషుల్ని కూడా మింగాల్సొస్తుంది."

హైనాన్‌లో నా చేయి పట్టుకుని, రోగి గుండె మీద స్టెతస్కోపు ఎక్కడ ఆనించాలో చూపించిన ముసలి డాక్టరమ్మ గుర్తొచ్చింది. ఇన్నాళ్లూ ఆవిడ గురించి ఒక్కరికీ చెప్పలేదు. సిగ్గేసింది.

మాస్టారు నాకు పెన్సిల్ ఇచ్చారు. మళ్లీ రాశాను. మళ్లీ గుమ్మం దగ్గర నిలబడి చెప్పాను. కంకిపాడు ఉద్యోగానికి వెళ్లినప్పుడు వాళ్లు అడక్కముందే ఆ వాక్యం చెప్పేశాను. "అక్కడ ఏం నేర్చుకున్నారు?" అని అడిగారు. ఆ డాక్టరమ్మ దగ్గర మొదలుపెట్టి అరగంట మాట్లాడాను. ఉద్యోగమిచ్చారు. "చైనా డాక్టరమ్మా" అని ఇప్పటికీ కొందరు ఆటపట్టిస్తారు, పలుకుతాను.

పెద్దకర్మ నాడు పిన్నిగారు ఆ అట్లాసు తెచ్చి నా చేతిలో పెట్టారు. "నీకిమ్మన్నారమ్మా." హైనాన్ పక్కన పెన్సిల్‌తో నా పేరుంది. ఇంకా ఎన్ని దేశాల మీదో ఎందరి పేర్లో. మన రాష్ట్రం పేజీ తీశాను. మచిలీపట్నం పక్కన, అచ్చులో ఏ ఊరూ లేని చోట, ఒక చిన్న చుక్క. దాని పక్కన ఇంగ్లీషులో ఆయన పల్లె పేరు, కింద "మై ఫాదర్స్ విలేజ్" అని. ఎన్నేళ్లు వేలు పెట్టుకున్నారో, అక్కడ కాగితం అరిగిపోయి, అవతలి పేజీలోని సముద్రం నీలంగా కనిపిస్తోంది.