మామ వంత పాడిన పూట

పదకొండేళ్లు నేను మా మేనమామ ఒగ్గుకథ బృందంలో వంత పాడాను. డోళ్లవాళ్లు ఇద్దరు, తాళాలవాడు ఒకడు, ముందు నిలబడి కథ చెప్పే మామ, ఆయన పక్కన నేను. ఆయన ఒక చరణం చెప్పి ఆగితే "ఆఁ... అట్లనా!" అని అందుకుని, చివరి మాట సాగదీసి మళ్లీ ఆయనకు అప్పజెప్పడం నా పని. శంషాబాద్ చుట్టుపక్కల ఎవరింట్లో మల్లన్న మొక్కుకు ముగ్గుల పట్నాలు వేసినా మమ్మల్నే పిలిచేవారు. కథలన్నీ నాకు నోటికి వచ్చు. అరవై దాటాక మామ గొంతు కాస్త జీరబోయింది. అప్పటినుంచి బృందాన్ని నడిపిస్తున్నది నేనేనని లోపల పొగరు కూడా మొదలైంది.

విమానాశ్రయం తెరిచిన రెండు మూడేళ్లకు మా ఊళ్ల పిల్లలు చాలామంది క్యాబ్‌లు నడపసాగారు. ఒకసారి వాళ్ల సంఘం వార్షికోత్సవానికి నన్ను అడిగారు.

"అన్నా, జాగ జర తక్కువుంది, టైం గూడ లేదు. నువ్వొక్కనివే వచ్చి గంటసేపు చెప్పరాదే."

మామతో ఒక్క మాట చెప్పకుండా సరేనన్నాను. తప్పని తెలుసు. చెబితే వద్దంటాడని భయం.

మూడో రోజు ధైర్యం చేసి మామకు చెప్పాను. ఆయన వాకిట్లో డోలు తాళ్లు బిగిస్తున్నాడు. తలెత్తకుండానే అడిగాడు.

"ఒక్కనివేనా?"

"ఒక్కన్నే మామా. ఇగ నేను సొంతంగ చెప్పుకుంట."

"మంచిది. మొదలువెట్టిన కథ నడుమ ఇడువకు. మంగళం పాడినంకనే దిగు."

అంతే. తిడితే బాగుండేది. ఎదురు తిట్టడానికి నేను సిద్ధమై వెళ్లాను మరి.

వారం రోజులు బుద్వేల్‌లో నా కిరాయి గదిలో సాధన చేశాను. "మల్లన్నకు ఇంకెన్నిసార్లు పెండ్లి చేస్తవన్నా?" అని పక్కింటామె గోడ అవతలినుంచి అడిగింది. కథా నాదే, వంతా నాదే అయి సాగిపోయింది. ఇంతేనా అనుకున్నాను.

వార్షికోత్సవం రోజు పొద్దున పార్కింగ్ స్థలంలో షామియానా వేశారు. కాళ్లకు గజ్జెలు, చేతిలో తాళాలు. ఎదురుగా డ్రైవర్లు, సగంమంది ఫోన్లు చూసుకుంటున్నారు. మొదటి చరణం ఎత్తుకుని, ఆగాను. ఎవరూ అందుకోలేదు. అందుకునేవాణ్ణి నేనే కదా! రెండో చరణం. ఆగొద్దనుకుంటూనే మళ్లీ ఆగాను. మనుషుల ముందు నిలబడేసరికి గొంతు పక్కవాడికోసం ఎదురుచూస్తోంది. ఎవడో కిసుక్కున నవ్వాడు.

మూడో చరణం చివరా ఆగిపోయాను. కథ నడుమ దిగిపోతే ఈ చుట్టుపక్కల ఇక నన్నెవరూ పిలవరు. మామకు ముఖం చూపించలేను. అయినా దిగిపోదామనే ఒక కాలు వెనక్కి వేశాను.

"ఆఁ... అట్లనా!"

వెనక వరుసలోంచి, జీరబోయిన గొంతు. తలకు తెల్ల రుమాలు చుట్టుకుని మామ నిలబడి ఉన్నాడు. నాకు తెలిసి ఆయన ఏనాడూ ఎవరికీ వంత పాడలేదు. చివరి మాట సాగదీసి నాకు అప్పజెప్పాడు. నాకంటే బాగా అప్పజెప్పాడు. సిగ్గేసింది, ఏడుపొచ్చింది, పాట మాత్రం సాగింది. కాసేపటికి డ్రైవర్లూ ఫోన్లు జేబుల్లో పెట్టి ఆయనతో గొంతు కలిపారు. వాళ్ల ఇళ్లల్లో విన్న కథే కదా. మంగళం పాడాకే దిగాను.

తర్వాత టీ తాగుతూ అడిగాను.

"నేను పిలువనే లేదు గద మామా, ఎందుకొచ్చినవ్?"

"కథ ఇననీకి వచ్చిన. నువ్వు ఆగితివి. నేనెట్ల ఊకుంట?"

ఇప్పుడు ఒక్కణ్ణే చెబుతున్నాను. అత్తాపూర్ దాకా పిలుస్తారు. ఆ దయ మామది. చరణం చివర ఇప్పటికీ ఆగుతాను, చాలాచోట్ల జనం అందుకుంటారు. ఎవరూ అందుకోకపోతే, గొంతు కాస్త జీరగా మార్చి "ఆఁ... అట్లనా!" అని నేనే అనుకుని ముందుకు పోతాను.