గోడ వారన పద్నాలుగు

సౌదీలో అభా కొండమీద చలికాలంలో పడేవి వడగళ్ళు. ఆ మాట మాకు వీసా ఇచ్చిన యజమాని, మా కఫీల్ ముందు అంటే ఆయన ముఖం మాడిపోయేది. ఆయన లెక్కలో అది మంచు. ఆయనకి వాట్సాప్‌లో ఒక వాతావరణ బృందం ఉండేది. అందులో అందరూ రిటైరైన పెద్దమనుషులే, మబ్బు పడితే గుమ్మం దాటే రకం ఒక్కరూ కాదు. హీటర్ ముందు కూర్చుని ఖావా తాగుతూ, మా దగ్గర ఇంత పడిందంటే మా దగ్గర అంత పడిందని పోటీలు పడేవారు. డాబా ఎక్కి వణుకుతూ కొలిచేది మాత్రం మేం.

మేమంటే ఇద్దరం. కఫీల్ టూరిస్టులకి అద్దెకిచ్చే గదుల దగ్గర నేను గుమాస్తాని. గీజర్లు, కుళాయిలు బాగుచేసేది అనంతపురం అతను, నేను తమ్ముడూ అని పిలిచేవాణ్ణి. గోదావరి పక్కన పుట్టిన నాకు నీళ్ళంటే లెక్కలేదు. అతనికి చినుకు చినుకూ లెక్కే. డాబా మధ్యలో పలక పరిచి, మూడుచోట్ల స్కేలు గుచ్చి, సగటు తీసి, నోటుబుక్కులో రాసి, పలక తుడిచి మళ్ళీ పరిచేవాడు.

"జాకెట్టు కుట్టడానికా ఏంటయ్యా, అన్ని కొలతలు?" అనేవాణ్ణి.

"నవ్వుకో అన్నా. మా మండలాఫీసులో ఒగడు కుర్చీలోంచి లేయకుండానే వాన పడిందని రాసినాడు. శెనక్కాయ ఎండిపోయినా మా ఊరికి బీమా రాల్యా. దొంగ కొలత నోటికాడి కూడు తీస్తాది."

ఆ ఏడాది స్థానికులకే ఉద్యోగాలనే నితాఖాత్, పరాయి దేశపు పనివాళ్ళ మీద వేసే లెవీలు కలిసి కఫీల్ నడుం విరగ్గొట్టాయి. ఇక్కడ ఉండనిచ్చే కార్డులు, మా ఇద్దరి ఇఖామాలూ ఒకే నెలలో అయిపోతున్నాయి. ఒక్కరిదే రెన్యూ చేయిస్తాననీ, రెండోవాడికి ఫైనల్ ఎగ్జిట్, అంటే ఇక ఇంటికే అనీ చెప్పేశాడు. ఎవరికి ఏదో చెప్పలేదు. తమ్ముడి కూతురు నర్సింగ్ ఆఖరి సంవత్సరంలో ఉంది. ఇంకొక్క ఏడాది చాలు అనేవాడు. నాకు అంత గొప్ప కారణమేమీ లేదు. ఊళ్ళో నన్ను పిలిచి ఉద్యోగమిచ్చేవాడు లేడు, అంతే.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం అరగంట పాటు వడగళ్ళు దంచి కొట్టాయి. కొండంతా తెల్లబడింది. వెంటనే కఫీల్ ఫోను. తమ్ముడు మూడుచోట్లా కొలిచి నాలుగు సెంటీమీటర్లన్నాడు.

అవతలి కొండమీదున్న కఫీల్ బావమరిది అప్పటికే గ్రూపులో పన్నెండని పెట్టేశాడు. ఆయన స్కేలు ఎనిమిది నుంచి మొదలవుతుందని నా అనుమానం. "ఫిర్ దేఖో," అన్నాడు కఫీల్. తమ్ముడు ఫిర్ చూశాడు. ఫిర్ నాలుగే. కఫీల్ ఫోను నాకివ్వమన్నాడు.

ఆయన నన్ను అబద్ధమాడమనలేదు. నువ్వు చదువుకున్నవాడివి, నువ్వు చూడు అన్నాడు. చదువుకున్నవాణ్ణి గనక ఎక్కడ చూడాలో నాకు తెలుసు. నీళ్ళ ట్యాంకు గోడ వారన, గాలికి కొట్టుకొచ్చి పోగుపడిన కుప్పలో స్కేలు గుచ్చి ఫోటో తీశాను. పద్నాలుగు. గోడ ఫోటోలో పడకుండా చూసుకున్నాను కూడా. గ్రూపంతా మాషా అల్లా, గులాబీ పువ్వులు. ఆ సాయంత్రం కఫీల్ మా గదికి మాంసం, అన్నం పంపించాడు. తమ్ముడు కూడా తిన్నాడు.

వారం తిరక్కుండా నా ఇఖామా రెన్యూ అయింది. అతనికి ఎగ్జిట్ కొట్టారు. లెవీల వల్లే అని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. నాలుగన్నవాడు ఎందుకు పోయాడో, పద్నాలుగన్నవాడు ఎందుకు ఉన్నాడో లెవీ చెప్పదు.

వెళ్ళేరోజు అతను నోటుబుక్కు నా చేతిలో పెట్టాడు. అందులో నేను ఫోటో తీసిన రోజు తేదీ ఎదుట గడి ఖాళీగా వదిలాడు.

"నీ పద్నాలుగు రాసుకో అన్నా. పక్కన గోడ అని గూడా రాయి. రేపు ఎవురన్నా చూస్తే తెల్లాల."

ఆ చలికాలం ఇంకో మూడుసార్లు వడగళ్ళు పడ్డాయి. మూడుసార్లూ పలక తీయలేదు, తిన్నగా ట్యాంకు దగ్గరికే పోయాను. బృందంలో కఫీల్‌ని ఓడించినవాడు లేడు. అతను వదిలిన గడిలో పద్నాలుగు రాశాను. గోడ అని మాత్రం ఇంతవరకూ రాయలేదు.